భువనగిరి – రామప్ప – భవానీ ద్వీపం: మా నీలం త్రిభుజం డైరీ

ఆగస్టు చివరి వారం

పోకెమాన్ గో అంటే అందరికీ తెలుసు, ఇంగ్రెస్ అంటే మాత్రం "అదేంటి?" అంటారు. వరసకి ఇదే అన్న, అది తమ్ముడు. రెండూ నయాంటిక్ కంపెనీ చేసిన ఫోన్ ఆటలే, బయట తిరుగుతూ ఆడేవి. ఇంగ్రెస్ 2012 నవంబరులో బీటాగా, అంటే ప్రయోగాత్మకంగా, మొదలైంది. ఇందులో ఆటగాళ్ళు పంపిన గుళ్ళు, విగ్రహాలు, పాత కట్టడాల వివరాలే 2016లో పోకెమాన్ గోకి స్టాపులుగా, జిమ్‌లుగా పనికొచ్చాయి. 2025లో పోకెమాన్ గోని స్కోప్లీ అనే కంపెనీకి అమ్మేశారు, ఇంగ్రెస్ నయాంటిక్ నుంచి విడిపోయిన నయాంటిక్ స్పేషియల్ దగ్గర ఉండిపోయింది. జనం తగ్గారు కానీ ఆట ఆగలేదు. ఉన్న కొద్దిమందిమీ ఒకరినొకరు బాగా ఎరుగుదుం, అవతలి జట్టువాళ్ళతో సహా.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. రెండు జట్లు: రెసిస్టెన్స్ అంటే బ్లూ, మేము. ఎన్‌లైటెన్డ్ అంటే గ్రీన్, వాళ్ళు. ప్రతి గుడీ, విగ్రహమూ, కోట గుమ్మమూ ఒక పోర్టల్. దానికి 40 మీటర్ల లోపల నిలబడి ఎనిమిది రెజొనేటర్లు (పోర్టల్‌ని మన జట్టు పేర నిలబెట్టే పరికరాలు) పెడితే అది మనది. ఒక పోర్టల్ నుంచి ఇంకోదానికి లింక్ వేయాలంటే అవతలి దాని కీ మన దగ్గర ఉండాలి, ఆ కీ అక్కడికెళ్ళి హ్యాక్ చేస్తేనే, అంటే ఆటలో ఆ పోర్టల్ నుంచి వస్తువులు రాబడితేనే, వస్తుంది. ఒక లింకుని ఇంకో లింకు దాటకూడదు. మూడు పోర్టళ్ళు లింకులతో కలిస్తే మధ్యలో ఫీల్డ్ ఏర్పడుతుంది, దాని కింద ఎంత జనాభా ఉంటే అంత స్కోరు. ఆట ఇంతే, మిగతాదంతా తిరుగుడు.

ఇన్నాళ్ళూ ఊళ్ళోనే, పార్కు నుంచి పార్కుకి, చిన్న ఫీల్డులు కడుతూ వచ్చాం. ఈసారి రెండు రాష్ట్రాలకీ కలిపి ఒక పెద్దది వేయాలని విజయవాడ అన్న, వరంగల్ తమ్ముడు, నేను అనుకున్నాం. రామప్ప గుడి ఒక మూల అన్నది తమ్ముడి పట్టు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి వాడికి ఆ గుడి మీద ఎక్కడలేని ప్రేమ. ఆటపరంగా చూసినా మంచి ఎంపికే, వరంగల్ నుంచి గంటన్నర ప్రయాణం, దారిలో పోతూ పోతూ ఎవరూ కొట్టేయరు. రెండో మూల కృష్ణలో భవానీ ద్వీపం, పడవ ఎక్కితే తప్ప చేరలేం. మూడోది హైదరాబాద్ వైపు.

హైదరాబాద్ వైపు అనగానే మా గ్రూపులో సగంమంది హుస్సేన్‌సాగర్ బుద్ధుడన్నారు. దానికీ పడవ ఎక్కాలి, ట్యాంక్‌బండ్ గట్టు మీద నిలబడి కొడితే అందదు (దాడికి వాడే ఆయుధం ఎక్స్ఎంపీ, అన్నింటికన్నా పెద్దదానికి కూడా పరిధి 168 మీటర్లే). వినడానికి అద్భుతంగా ఉంది. ఆట లింకులన్నీ చూపించే ఇంటెల్ మ్యాప్ తెరిచి అక్కడి నుంచి తూర్పుకి ఒక గీత గీసి చూస్తే సరదా తీరిపోయింది. సికింద్రాబాద్, తార్నాక, ఉప్పల్ దాకా ప్రతి సందులోనూ ఎవరిదో ఒకరి లింకు అడ్డం. వాటన్నిటినీ తెంచుకుంటూ పోయేలోపు వెనకాల కొత్తవి పుడతాయి. నగరం నడిబొడ్డున మూల పెట్టుకోవడమంటే ఉరికురికి పని చేయడమే. అందుకని ఊరు దాటి భువనగిరి కోట. ఒకే రాతి గుండు మీద చాళుక్య విక్రమాదిత్యుడి నాటి కోట, పోర్టల్ పైన ఉంది, కొట్టాలన్నా కట్టాలన్నా ఎక్కాల్సిందే. ఇది నా ఓటు, గెలిచింది.

సెప్టెంబరు

లెక్కలు. లింకు ఎంత దూరం పోతుందన్నది బయల్దేరే పోర్టల్ లెవెల్ మీద ఉంటుంది, సూత్రం 160 మీటర్లు ఇంటూ లెవెల్ నాలుగో ఘాతం. అంటే లెవెల్ 5కి సరిగ్గా 100 కిలోమీటర్లు, 6కి 207, 7కి 384, 8కి 655. పోర్టల్ లెవెల్ అంటే ఎనిమిది రెజొనేటర్ల సగటు, దశాంశం వదిలేసి. ఒక మనిషి ఒక పోర్టల్‌లో లెవెల్ 8 రెజొనేటర్ ఒక్కటే పెట్టగలడు, 7 ఒకటే, 6వి రెండు, 5వి రెండు, అలా. కాబట్టి ఎంత తోపు ఆటగాడైనా ఒంటరిగా వెళ్తే 8, 7, 6, 6, 5, 5, 4, 4 కలిపి 45, ఎనిమిదితో భాగిస్తే లెవెల్ 5 దగ్గర ఆగిపోతాడు. ఇద్దరైతే 54, అంటే లెవెల్ 6. ముగ్గురు కలిస్తే 57, అప్పుడే లెవెల్ 7. ఈ ఆటలో నాకు అన్నింటికన్నా నచ్చే నియమం ఇదే, ఎన్నేళ్ళు ఆడినా ఇంకో మనిషిని వెంట తీసుకెళ్ళక తప్పదు.

ఇప్పుడు మా దూరాలు. భువనగిరి నుంచి రామప్ప 138 కిలోమీటర్ల చిల్లర, గొడవలేదు. రామప్ప నుంచి భవానీ ద్వీపం సుమారు 203, లెవెల్ 6కి బొటాబొటీగా సరిపోతుంది. భువనగిరి నుంచి భవానీ ద్వీపం దాదాపు 209. పరిధి 207! రెండు కిలోమీటర్ల కోసం మొత్తం ప్లాన్ ఆగింది. ఉపాయాలు రెండు: కోట మీద ఒక రేర్ లింక్ యాంప్ పెట్టడం, అది పరిధిని రెట్టింపు చేస్తుంది. లేదా మూడో మనిషిని ఎక్కించి లెవెల్ 7 చేయడం. యాంప్ సులువే కానీ పోర్టల్‌కి ఉండేవి నాలుగే మాడ్ స్లాట్లు, అంటే అదనపు పరికరాలు తగిలించే చోట్లు, ఒకటి యాంప్‌కి పోతే దాడి నుంచి కాచే షీల్డులకి మూడే మిగులుతాయి.

మూడో మనిషి అంటే మా బ్యాంకు బాబాయి, రిటైరయ్యి ఆడుతున్నాడు. ఫోన్ చేశాను.

"బాబాయ్, యాంప్ పెడితే ఇద్దరం చాలు. మీరు కింద టీ కొట్టు దగ్గర కూర్చోండి, మెట్లు ఎక్కువ."

"షీల్డు తీసేసి యాంప్ పెడతావా? ఇల్లు కట్టి తలుపు మానేసినట్టు. నేనెక్కుతాలే, నువ్వు నీళ్ళ బాటిల్ మోయి."

సరే, ఎవరెక్కడన్నది తేలింది. కోట మీద ముగ్గురం, రామప్ప దగ్గర ఇద్దరు, ద్వీపంలో ఇద్దరు.

దసరా సెలవులు

ఈ నెలంతా కీల వేట. బయటివాళ్ళకి ఇది వింతగా ఉంటుంది కానీ పెద్ద ఫీల్డ్ పనిలో ముప్పాతిక వంతు ఇదే. మూడు లింకులకి మూడే కీలు చాలు. కాపాడటానికి మాత్రం సంచీడు కావాలి, ఎందుకంటే దాడి జరిగినప్పుడు ఇంట్లో కూర్చుని రీఛార్జ్ చేయాలంటే (రెజొనేటర్లకి తిరిగి శక్తి నింపాలంటే) రీఛార్జ్ చేసే ప్రతివాడి దగ్గరా ఆ పోర్టల్ కీ ఉండాలి. ఎవరూ కొట్టకపోయినా రెజొనేటర్లు రోజుకి 15 శాతం చొప్పున కరిగిపోతుంటాయి, వాటికీ కీలే దిక్కు. దూరం పెరిగేకొద్దీ రీఛార్జ్ పనితనం తగ్గుతుంది, అందుకే దగ్గరూరివాళ్ళకి ఎక్కువ పంచాలి.

హ్యాక్‌కీ హ్యాక్‌కీ మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, నాలుగు కొట్టాక పోర్టల్ కాలిపోతుంది, మళ్ళీ నాలుగ్గంటలు దాని దగ్గర మనకేమీ రాదు. పైగా చేతిలో ఆ కీ ఇప్పటికే ఉంటే మామూలు హ్యాక్‌కి ఇంకోటి రాలదు, వచ్చినదాన్ని వెంటనే క్యాప్సూల్‌లో, అంటే ఆటలోని డబ్బాలో, దాచేసి మళ్ళీ కొట్టాలి. తమ్ముడు సెలవుల్లో రామప్ప చెరువు గట్టున మకాం పెట్టి ఇదే పని. వాళ్ళమ్మ అడిగిందట, "గుడికెళ్తున్నావంటే సంతోషించాను, రోజూ ఎందుకురా?" అని.

విజయవాడ వైపు ఆలస్యమైంది. కృష్ణకి వరద ఉన్నన్నాళ్ళూ ద్వీపానికి పడవలు వేయరు, నీరు తగ్గేదాకా అన్న ఒడ్డునే ఉండి కొట్లాట పెట్టుకున్నాడు, నదితో. తర్వాత వారాంతాల్లో పిల్లల్ని తీసుకుని వెళ్ళొచ్చాడు. పిల్లలకి పడవ షికారు, ఆయనకి కీలు. ద్వీపంలో ఏ పోర్టల్ అన్నది కూడా ఆయనే తేల్చాడు. ఒడ్డు నుంచి 168 మీటర్ల లెక్కకి అందనిది, చెట్ల అవతల ఉన్నది.

కీలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా వెళ్ళాలి? మనుషులే మోయాలి. ఆటలో వస్తువు ఇచ్చిపుచ్చుకోవాలంటే ఒకరు కింద పడేయాలి, ఇంకొకరు అక్కడే నిలబడి తీసుకోవాలి, ఈలోపు పక్కన గ్రీన్ వాడుంటే వాడే ఎత్తుకుపోవచ్చు. మాకు గోల్కొండ ఎక్స్‌ప్రెస్ దేవుడిచ్చిన వరం. గుంటూరులో బయల్దేరి విజయవాడ, ఖమ్మం, వరంగల్, కాజీపేట మీదుగా సికింద్రాబాద్ వస్తుంది, భువనగిరి కూడా ఆ లైను మీదే. అన్న వాళ్ళ మేనల్లుడు చదువుకి హైదరాబాద్ వస్తుంటే వాడి ఫోన్‌లోకి క్యాప్సూళ్ళు ఎక్కించి పంపాడు. బండి కాజీపేటలో ఆగినప్పుడు తమ్ముడు ప్లాట్‌ఫారం మీద కిటికీ పక్కన పరిగెత్తి తన వాటా తీసుకున్నాడు, రామప్ప కీలు అందులో వేశాడు. పక్కసీటు పెద్దాయన ఇద్దరూ ఫోన్లు పట్టుకుని కిటికీకి అటూ ఇటూ "పడేశా", "తీసుకున్నా" అనుకోవడం చూసి ఏమనుకున్నాడో.

నవంబరు, ముందు రోజు

గీతలు ఎక్కడెక్కడి మీంచి పోతాయో మళ్ళీ చూసుకున్నాం. భువనగిరి–భవానీ గీత సూర్యాపేట దగ్గర్నుంచి విజయవాడ హైవేకి కాస్త దక్షిణంగా పోతుంది, సూర్యాపేట, కోదాడ, నందిగామ లోపలికొస్తాయి, నల్గొండ బయట. అంటే నల్గొండ నుంచి సూర్యాపేటకి ఎవరు లింకు వేసినా మాకు అడ్డమే, అది ఉంది కూడా. పని మీద సూర్యాపేట వెళ్తున్న మావాడొకడు సాయంత్రం దాన్ని దింపేశాడు. రామప్ప–భవానీ గీత తేలిక, ఖమ్మానికి తూర్పుగా ఎక్కువ భాగం పొలాలూ అడవీ.

అసలు తలనొప్పి మూడోది. భువనగిరి–రామప్ప గీత సరిగ్గా హనుమకొండకీ వరంగల్‌కీ మధ్యలోంచి పోతోంది! జంట ఊళ్ళు, రోజూ జనం ఇటూ అటూ తిరుగుతూ లింకులు వేసుకునే చోటు. వేయిస్తంభాల గుడి దగ్గర్నుంచి వరంగల్ కోట దాకా ఎవరు ఏం గీసినా మా గీతని కోస్తుంది. ముందు రోజు తుడిచినా లాభం లేదు, పొద్దున్నే తుడిచి వెంటనే మా లింకు వేసేయాలి. హనుమకొండలో ఒక టీచరక్క ఆడతారు, స్కూటీ ఉంది, ఆమె ఆ పని తీసుకున్నారు.

టైమ్ సంగతి. స్కోరు ఐదు గంటలకోసారి చెక్‌పాయింట్‌లో లెక్కకొస్తుంది, మన టైమ్ ప్రకారం ఎప్పుడూ అరగంట మీదే పడుతుంది. శనివారం పదిన్నరకి ఒకటి, ఆ తర్వాత మూడున్నర, ఎనిమిదిన్నర, రాత్రి ఒకటిన్నర. పదిన్నరలోపు ఫీల్డ్ నిలబడితే ఆ చెక్‌పాయింట్ మాదే. కానీ ద్వీపానికి మొదటి పడవ పొద్దెక్కాకే.

శనివారం

కోట ఎక్కడం ఆరున్నరకి మొదలుపెట్టాం. బాబాయి నాకన్నా ముందే ఎక్కేశాడు, మధ్యలో ఆగి ఆగి "రాళ్ళు చూడు, ఎలా చెక్కారో" అంటుంటే నేను ఊపిరి పీల్చుకోవడానికి అదే సందు. పైన పోర్టల్ గ్రీన్‌ది, పాతది, కరిగిపోయి ఉంది, రెండు నిమిషాల పని. ముగ్గురం వంతులవారీగా రెజొనేటర్లు పెట్టాం, నాలుగు షీల్డులు, లెవెల్ 7. రామప్ప వాళ్ళు ఎనిమిదికల్లా రెడీ, అక్కడ సిగ్నల్ ఒకటీ రెండు గీతలే కాబట్టి కాల్స్ వద్దు, మెసేజులే అనుకున్నాం.

అక్క తెల్లారకముందే హనుమకొండ–వరంగల్ మధ్య గ్రీన్ లింకులన్నీ కొట్టేశారు. మ్యాప్ శుభ్రంగా ఉంది. సరిగ్గా మేము రామప్పకి లింకు వేద్దామని బటన్ మీద వేలు పెట్టే వేళకి గీతకి అడ్డంగా కొత్త లింకు ప్రత్యక్షం. గ్రీన్‌ది కాదు, బ్లూ! ఎవరో కొత్త కుర్రాడు, మా జట్టువాడే, మా గ్రూపులో లేడు, ఖాళీ పోర్టళ్ళు కనిపించేసరికి సంబరంగా రెజొనేటర్లు పెట్టి లింకు లాగేశాడు. శత్రువు లింకైతే పేల్చేయచ్చు. సొంత జట్టు లింకుని మన ఆయుధాలేమీ చేయవు. ఒకటే దారి, జార్విస్ వైరస్ వాడి మన పోర్టల్‌ని మనమే గ్రీన్‌కి తిప్పేయడం, అలా తిప్పగానే దాని లింకులన్నీ తెగిపోతాయి.

అక్క దగ్గర జార్విస్ ఒకటే ఉంది. "దాచుకున్నదే, ఇప్పుడు కాకపోతే ఎప్పుడు" అని స్కూటీ వెనక్కి తిప్పారు. ఆమె అక్కడికి చేరేలోపు ఆ కుర్రాడు ఇంకో లింకు కూడా లాగుతాడేమోనని టెన్షన్, ఆటలోని చాట్ కామ్‌లో నేను బతిమాలుతూ మెసేజులు, వాడికి ఆ చాట్ అనేదొకటుందనే తెలిసినట్టు లేదు. మొత్తానికి అక్క పోర్టల్ తిప్పారు, లింకు పోయింది, ఆ క్షణంలోనే మాది వేశాం. 138 కిలోమీటర్లు ఒక్క గీత. తర్వాత ఆ కుర్రాడిని అక్కే పలకరించి గ్రూపులో చేర్చారు, వాడు ఇంటర్ చదువుతున్నాడు, "నేను కట్టిందాన్ని మనవాళ్ళే ఎందుకు పగలగొట్టారు మేడమ్" అని పాపం నిజంగానే బాధపడ్డాడట.

ద్వీపం వైపు పడవ కదిలేసరికి తొమ్మిది దాటింది. జనం నిండితే గానీ కదలదు కదా. అన్న, ఆయన స్నేహితుడు దిగగానే పరుగు, పోర్టల్ ఖాళీగానే ఉంది, లెవెల్ 6 చేశారు. కోట మీంచి మేము ద్వీపానికి వేశాం, 209 కిలోమీటర్లు, వెళ్ళింది. ఆఖరిది రామప్ప నుంచి ద్వీపానికి. సిగ్నల్ తిరుగుతూ తిరుగుతూ ఉంది, తమ్ముడు గుడి ప్రాంగణంలో 40 మీటర్ల లోపలే ఉండి నాలుగు దిక్కులూ ఫోన్ ఎత్తి చూశాడట. దొరక్కపోతే ద్వీపం నుంచే వేయడానికి అన్న దగ్గర కూడా రామప్ప కీ ఉంచాం. ఆ అవసరం రాలేదు. పదింపావుకి మ్యాప్ మీద నీలం పరుచుకుంది, వరంగల్, ఖమ్మం, సూర్యాపేట, కోదాడ అన్నీ దాని కింద. బాబాయి మౌనంగా చాలాసేపు చూసి "స్క్రీన్‌షాట్ ఎలా తీయాలి?" అనడిగాడు.

శనివారం సాయంత్రం నుంచి

కట్టడం వరకే సరదా. తర్వాతంతా కాపలా. గ్రీన్ పెద్దాయనొకరు కామ్‌లోనే "బాగుంది తమ్ముళ్ళూ, చూస్తాం" అని పెట్టారు, ఆయన చూస్తామన్నారంటే వస్తారనే. రీఛార్జికి వంతులు వేసుకున్నాం, రీఛార్జికి శక్తినిచ్చే పవర్ క్యూబులు దగ్గర నింపుకున్నాం. లింకులు పడిపోవాలంటే పోర్టల్‌లో మూడు కన్నా తక్కువ రెజొనేటర్లు మిగలాలి, కాబట్టి దాడి మొదలయ్యాక మా లక్ష్యం అన్నిటినీ కాపాడటం కాదు, మూడింటిని బతికించుకోవడం.

మధ్యాహ్నం, రాత్రి చెక్‌పాయింట్లు దాటాయి. ఒంటిగంటకి ఫోన్ మోగింది, ద్వీపం పోర్టల్ మీద దాడి. అర్ధరాత్రి! పడవల్లేవు, ద్వీపం మూసేసి ఉంటుంది, చెట్ల మధ్య ఎవరున్నట్టు? ఫేక్ లొకేషన్ పెట్టి మంచంలో పడుకుని కొడుతున్నాడు ఎవడో. గ్రీన్ పెద్దాయనకి మెసేజ్ పెడితే ఆయనకే కోపం వచ్చింది, మావాడు కాదు, అకౌంట్ పేరు కూడా ఎప్పుడూ చూడలేదు అన్నారు, ఆయన మాట నేను నమ్ముతాను. అల్ట్రా స్ట్రైకులనే ఆయుధాలతో షీల్డులు ఊడిపోయాయి. అన్న, నేను, అక్క ముగ్గురం ఒకేసారి రీఛార్జ్ చేస్తూ కూర్చున్నాం, ఒకటి పోతుంటే ఇంకోటి నింపడం. ఒకటిన్నర దాటగానే దాడి ఆగింది, చెక్‌పాయింట్ చూసుకునే వచ్చినట్టున్నాడు. ఐదు రెజొనేటర్లు మిగిలాయి, లింకులు చెక్కుచెదరలేదు. అకౌంట్‌ని రిపోర్ట్ చేశాం.

ఆదివారం అన్న మళ్ళీ మొదటి పడవకి టికెట్ తీసుకునేలోపే రామప్ప పడిపోయింది. గుడి తలుపులు తీసేసరికి ఇద్దరు గ్రీన్ వాళ్ళు కరీంనగర్ నుంచి రాత్రే బయల్దేరి వచ్చి నిలబడి ఉన్నారు. మేము ఎంత రీఛార్జ్ చేసినా ఎదురుగా నిలబడి కొట్టేవాళ్ళ ముందు నిలవదు. ఏడున్నర ప్రాంతంలో మూల పోయింది, దాంతో ఫీల్డూ పోయింది. నంది ముందు సెల్ఫీ దిగి మా గ్రూపుకే పంపారు. దాని మీద నాకేం ఫిర్యాదు లేదు, అంత దూరం రాత్రంతా ప్రయాణం చేసి కొట్టారు. మంచంలో పడుకుని కొట్టినవాడి మీదే ఉంది.

నవంబరు ఆఖరు

తర్వాతిదాని ముచ్చట. ద్వీపం విషయంలో అన్న మనసు మార్చుకున్నాడు. పడవల టైమ్ శత్రువుని ఆపినట్టే మమ్మల్నీ ఆపింది, పొద్దున్నే రెజొనేటర్ పెట్టాలన్నా పడవ నిండాలి. ఆయన చెప్తున్నది కొండపల్లి కోట. కొలిచి చూశాను: భువనగిరి నుంచి సుమారు 200 కిలోమీటర్లు, రామప్ప నుంచి 192 దాకా. రెండూ లెవెల్ 6 పరిధిలోకి వచ్చేస్తాయి, అంటే భువనగిరి కోట మీదికి ఇద్దరు ఎక్కితే చాలు, యాంపూ అక్కర్లేదు, నాలుగు షీల్డులూ అలాగే ఉంటాయి.

ఈ సంగతి బాబాయికి చెప్తే "అయితే ఈసారి నన్ను రామప్పకి పంపు, అక్కడ చెరువుంది" అన్నాడు. తమ్ముడికి అభ్యంతరం లేదు, వాళ్ళింట్లోనే దిగమన్నాడు. భువనగిరికి ఇంటర్ కుర్రాడు వస్తానంటున్నాడు, వాడింకా లెవెల్ 6 అయినా నా 8, 7, 6, 6కి వాడి 6, 6, 5, 5 కలిస్తే 49, లెవెల్ 6కి బొటాబొటీగా సరిపోతుంది. హనుమకొండలో వాడూ అక్కా కలిసి ఊరంతా తిరుగుతున్నారట. అక్కకి ఇంకో జార్విస్ ఇవ్వాల్సి ఉంది, నా దగ్గర రెండున్నాయి, ఈసారి గోల్కొండ ఎక్కేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. కొండపల్లి కీలు ఇంకా సున్నా, ఆదివారం అన్న మొదలుపెడతాడు.